కొలత దొరకని కోటు

నిన్ను నేనెప్పుడూ కళ్ళారా చూడలేదు.
పందొమ్మిదేళ్ళుగా నీ కోటు కుడుతున్నాను.

నువ్వుండే గదులకు రెండేసి తలుపులుంటాయి,
గాలి లోపలికే పోతుంది, బయటికి రాదు.
నా గదికి ఒకటే తలుపు, అదీ సరిగా పడదు.
కిటికీలోంచి పలకరాతి గుట్టలు కనిపిస్తాయి,
తడిస్తే ఊదా, ఆరితే బూడిద.
ఈ వేల్స్ కొండల్లో ఆరేది తక్కువ.

నువ్వు ఊపిరి తినేవాడివని లోకమంతా ఎరుగు.
మైనం తొడుక్కుని తిరుగుతావని కొందరికే తెలుసు.
ఆమ్లం పోసినా రంగు విడవనిది అందుకే.
నిన్ను మింగిన కణం కడుపులోనే
అద్దె కట్టకుండా ముప్ఫై ఏళ్ళు కాపురం చేసేదీ అందుకే.

నీ దగ్గరే ఒలిచి తేవచ్చు కదా అంటారు.
ఒలిచినదాంట్లో నువ్వు కాస్త అంటుకునే వస్తావు.
నాకు నువ్వొద్దు, నీ ఆనవాలు చాలు.

ఎనభై చిల్లర కార్బన్లు
బడికి పోయే పిల్లల్లా చేతులు పట్టుకుని వరసగా.
మధ్యలో రెండుచోట్ల బుల్లి ముక్కోణాలు.
పొడిమంచు పొగలో ఫ్లాస్కు,
దాని మూతికి నత్రజని నింపిన బెలూను.
అంగట్లో కొన్న పుట్టినరోజు బెలూనే,
"ఏడేళ్ళు నిండాయోచ్!" అని దాని మీద.
రాత్రంతా అది మెల్లగా చిక్కిపోవడం చూస్తూ కూచుంటాను.

మా నానమ్మ చెల్లెలు లౌరీ.
పద్నాలుగేళ్ళకు ఆమెను కొండమీది ఆసుపత్రికి పట్టుకుపోయారు.
వరండాలో మంచం. దుప్పటి మీద మంచు.
చల్లగాలే మందు అప్పట్లో.
నెలకొక్క ఆదివారం తల్లిని రానిచ్చేవారు, అద్దానికి ఇవతల దాకా.
ఇంట్లో ఆ జబ్బు పేరు ఎత్తేవారు కాదు,
"ఛాతీ" అని ఊరుకునేవారు.

తల్లి ఆ అద్దంలోంచే కొలత తీసింది.
భుజాలు ఇంత, చేతులు ఇంత, అని
చలికి నీలిబారిన వేళ్ళతో గాలిలో జానలు వేసి
ముదురాకుపచ్చ ఉన్ని కోటు కుట్టింది.
అది కొండెక్కేసరికి ఒక రోజు ఆలస్యమైంది.
లౌరీ వస్తువులన్నీ తగలబెట్టారు.
తొడగని కోటు కనుక ఇది మిగిలింది.
నేనొకసారి వేసుకు చూశాను.
పద్నాలుగేళ్ళ పిల్లకి కుట్టింది
నలభై దాటిన నాకు వదులు.
ఆ తల్లి కూతుర్ని కొలవలేదు,
కోలుకున్న కూతుర్ని కొలిచింది.

పదిహేడో మెట్టులో నేనూ పొరబడ్డాను.
కుడిచేతికి కుట్టాల్సిన తొడుగు ఎడమచేతికి కుట్టాను.
తూకం అదే. యంత్రం గీసిన గీతలూ ఇంచుమించు అవే.
ముద్దుగా, తెల్లగా, కొవ్వొత్తి చెక్కులా ఉంది.
కేప్‌టౌన్ నుంచి నొలుబబాలో ఉత్తరం రాసింది:
"నిన్ను ఎదిరించి బతికిన నలభైమంది రక్తాన్ని అడిగాను.
నీ కోటును ఒక్క కణమూ పలకరించలేదు."
(ఆ మొదటి 'నిన్ను' నువ్వే.
నాకు రాసే ఉత్తరాల్లో కూడా ఆమె నీతోనే మాట్లాడుతుంది.
ఆమె తమ్ముడు గనిలో పనిచేసేవాడు.)

రెండేళ్ళు పట్టింది విప్పి కుట్టడానికి.
మధ్యలో డబ్బు ఆగింది, హెలెద్ బడిపంతులమ్మగా వెళ్ళిపోయింది.
ఒక ఫ్లాస్కు పగిలి నాలుగు నెలలు నేలపాలయ్యాయి.
ఆ నేలను నేను తుడవలేదు, గీకి తీశాను.

ఇవాళ పదకొండు మిల్లీగ్రాములు.
గోరుమీద పెడితే గోరే కనిపిస్తుంది.
అక్కడ దాన్ని కొవ్వు బుడగల్లో పొదిగి
మళ్ళీ ఆ నలభైమంది గుమ్మాల ముందు నిలబెడతారు.
గుర్తుపడితే, ఇంకా పదేళ్ళ పని.
పట్టకపోతే, నేనెరుగుదును ఆ రుచి.

కొరియర్ కుర్రాడు యెస్టిన్ ఫారం చదివాడు.
"లోపల ప్రాణమున్నదేమైనా?"
లేదు.
"ఎప్పుడైనా ఉండేదా?"
అలా ఫారంలో లేదు, వాడే అడిగాడు.
లేదన్నాను.
"మరేమిటి ఇది?"
కోటు.
వాడు తల పైకెత్తకుండా
"బట్టలు" అని రాసుకోబోయాడు.
ఆపి, పెన్ను తీసుకున్నాను.